ఇంట్లో మాట

వెళ్ళైసామి పాత నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకునే ఎత్తుతాడు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి రాగానే అగ్గిమందు వాసన పోయేదాకా చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో కాసునూ వెలుతురులో తిప్పుతాడు. భార్య పాప్పా బతికున్నప్పుడు ఆ కాసు ముచ్చట ఆమెకు తెలుగులో చెప్పేవాడు. గడప దాటితే అందరికీ తమిళమే. ఎవరింట్లో తెలుగుందో ఎవరికీ తెలియదు. ఆమె పోయాక అతని తెలుగు నోట్లోనే ఉండిపోయింది.

నాణేలకు గ్రేడు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిచ్చే కంపెనీ ఒకటి, ఎవరో ఆమ్లంతో తోమి పాడుచేసిన రాగి కాసుకు మంచి గ్రేడు వేసింది. అది చూసి ఒళ్ళు మండి, నాణేలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాడు: "వట్టి దొంగనాయాండ్లు వీండ్లు! ఎవురూ వీండ్లకి కాసులు పంపొద్దండి." తెలుగులో అంటే ఇంట్లో అనుకున్నట్టేనని అతని నమ్మకం. కొన్నాళ్ళకే పరువునష్టం నోటీసు వచ్చింది. ఆ మాటలే అందులో తమిళంలో ఉన్నాయి.

విరుదునగర్ వకీలు చదివి నిట్టూర్చి తమిళంలో అన్నాడు. "'నేను పంపను' అని మీరంటే అది మీ ఇష్టం. వాళ్ళు దొంగలు, ఎవరూ పంపొద్దంటే మాత్రం కోర్టులో రుజువు చూపాలి. క్షమాపణ రాసిచ్చేద్దాం."

వెళ్ళైసామి సంతకం పెట్టాడు గాని లేవలేదు. "నా మాటల్ని తమిళంలోకి మార్చిందెవరో కనుక్కోగలరా సార్?"

"ఎందుకు, అతనిమీద కేసు పెడతారా?"

"అయ్యో, లేదు సార్. దగ్గరలో ఉంటే ఒకసారి పోయి తెలుగులో మాట్లాడి వస్తాను."