డెలియా మూత తియ్యలేదు

అమెరికాలో మా బ్యూట్ గనుల ఊళ్లో, ఐర్లండు నుంచి వచ్చిన మావాళ్ల పునీత పాట్రిక్ పండక్కి రెండు విందులు. కొండ మీద చర్చి హాల్లో రాగి గనివాళ్లకి, కింద హోటల్లో పెద్దమనుషులకి. రెండు చోట్లా గొడ్డుమాంసం వండేది ఒక్క మనిషే, డెలియా లౌనీ.

ఆమె మొగుడు గనిలో దుమ్ము పీల్చి దగ్గుతూ పోయాడు. అప్పటినుంచి ఆమెకి హోటల్ వంటగదే గతి. అక్కడ నేను గిన్నెలు కడిగేవాణ్ణి. డెలియా పెద్ద మాంసం ముక్కని పందికొవ్వులో నల్లబడేదాకా వేయించి, ఉల్లి, క్యారెట్ చుట్టూ పేర్చి, నల్లబీరు సగం దాకా పోసి, మూతపెట్టి, సన్నసెగ ఓవెన్లో వదిలేసేది. మధ్యలో మూత ఎత్తిన చేతికి గరిటె దెబ్బ తప్పదు, అది మేనేజరు చెయ్యైనా సరే.

ఆ ఏడు పండగ, ఈస్టరు ముందు వచ్చే తపస్సుకాలపు శుక్రవారం పడింది. ఆ రోజు మాంసం ముడితే పాపం. డెలియా తెల్లారకముందే హాల్లో మాంసం ఓవెన్లో పెట్టి పూజకి వచ్చింది. పండగ కాబట్టి తినడానికి బిషప్పుగారు అనుమతి ఇస్తారనే అందరం అనుకున్నాం. పూజ చివర మా చర్చి విచారణ గురువు ఫాదర్ హెనెగన్ చెప్పాడు, అనుమతి వచ్చింది, హోటల్ విందుకి. హాల్లోవాళ్లు ఉప్పుచేప తినాలి.

"హాలుకి అడగలేదా ఫాదర్?" అన్నారెవరో.

"హోటల్‌కి రాజధాని హెలెనా నుంచి అతిథులొస్తున్నారు" అన్నాడాయన. అదే జవాబు.

ఆ మాంసం కోసం మావాళ్లు వారాలపాటు బీరు మానుకుని డబ్బు కూడబెట్టారు. నా ఒళ్లు మండిపోయింది. ఊరి లైబ్రరీలో చర్చి చట్టం పుస్తకం ఒకటి చదివున్నాను. విచారణ గురువు తన మందలో ఎవరికైనా తానే మినహాయింపు ఇవ్వొచ్చని అందులో ఉంది. హోటల్ వంటగదిలో డెలియాకి ఆ మాట చెప్పాను. ఆమె క్యారెట్ తరగడం ఆపలేదు.

వడ్డించే వేళకి మాత్రం స్టూలు లాక్కుని ఓవెన్ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

"డెలియా, అందరూ కూర్చున్నారు. తియ్యి" అన్నాడు మేనేజర్ ట్రేసీ.

"ఇంకా ఉడకలేదు."

"వాసన వీధి చివరిదాకా కొడుతోంది."

"అయితే వాసన వడ్డించండి."

ట్రేసీ వెళ్లి ఫాదర్‌ని పిలుచుకొచ్చాడు. ఆయన విందు బల్ల దగ్గర్నుంచి, మెడకి చేతిగుడ్డ కట్టుకునే వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"కొండ మీదా ఇదే మాంసం, ఇదే చెయ్యి. అక్కడ పాపం ఎలా అయిందో చెప్పండి ఫాదర్, తలుపు తీస్తాను."

"బిషప్పుగారి మాట ఈ విందుకే."

"మాకు మినహాయింపు ఇచ్చే హక్కు మీకు లేదా? ఉందని ఇతను చదివాడు."

"గిన్నెలు తోమేవాడా నాకు చట్టం చెప్పేది?"

"తప్పయితే దిద్దండి" అన్నాను. ఆయన డెలియా వైపు తిరిగాడు.

"ఇది బెదిరింపు, డెలియా."

"వంట ఫాదర్. ఇంకాసేపు ఉంటే పీచుపీచైపోతుంది. మీ హెలెనా వాళ్లకి చెంచాలు పంపుతాలెండి."

ఆయన గోడ మీది ఫోను తీసి హాలుకి చేశాడు. "తినండి. ఈ ఒక్కరోజే" అని కుక్కకి ఎముక విసిరినట్టు చెప్పి పెట్టేశాడు. డెలియా లేచి తలుపు తీసింది. ట్రేసీ రేపట్నుంచి రావద్దన్నాడు. ఆమె ఏప్రాన్ మడిచి బల్ల మీద పెట్టింది.

మేం హాలుకి చేరేసరికి ముసలివాళ్లు రొట్టెతో పళ్లేలు తుడుచుకుంటున్నారు. ఆమె ముందు మాంసం పెట్టారు. ఆమె బంగాళాదుంప మాత్రం తిని, మాంసాన్ని గుడ్డలో చుట్టింది.

"ఆయన తినమన్నాడుగా" అన్నాను.

"మనసారా అనలేదు. రేపు తింటాలే."

శనివారం పొద్దున ఆమె చర్చిలో చేసిన పాపాలు గురువుకి చెప్పుకునే పాపసంకీర్తనం వరసలో నిలబడి ఉంది. లోపల కూర్చుని వింటున్నది హెనెగనే.

"నువ్వేం తప్పు చేశావని?" అన్నాను. కోపంతో, గట్టిగానే.

"ఫాదర్‌ని వంటగదిలో నిలబెట్టానుగా."

"మరి ఆయన ఎవరి ముందు మోకరిల్లుతాడు?"

"మెల్లగా మాట్లాడు బాబూ, చర్చి ఇది" అని ముందుకి జరిగింది.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని గుడ్డ విప్పింది. ఉద్యోగం పోయిన మనిషి, చల్లారిన ముక్కని తీరిగ్గా నమిలింది.

"కాస్త ఉప్పు తగ్గింది" అంది. నోరు తెరిస్తే ఆమెనే తిట్టేవాణ్ణి.