మునిరత్నమ్మక్క అడిగిన పెరుగన్నం

మొన్న బస్సు ఒక బియ్యం మిల్లు పక్కన ఆగింది. కాలిన ఊక వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు.

నలభైల నాటి చిత్తూరులో మునిరత్నమ్మక్క ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మ. నా తొలి ఉద్యోగం ఆమె కిందే, కాపురం ఆమె పక్కింట్లోనే. బెత్తం పట్టకుండా పిల్లల్ని కూర్చోబెట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అక్కకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. యుద్ధం రోజుల్లో మా వీధి చివర ఊక మండించి నడిపే బియ్యం మిల్లు వెలిసింది. దాని పొగగొట్టం మా పెంకుల కంటే మూరెడు ఎత్తు, అంతే. పొగంతా మా ఇళ్ళలోకే. అక్క ఆయాసం రోజు విడిచి రోజు ఎగదన్నేది. వీధిలో వాళ్ళు మాత్రం ఆమె కంచంలోకే చూసేవాళ్ళు. పెరుగు తిన్నావా, అరటిపండు తిన్నావా అని ఒకటే ఆరా. తలెత్తి ఆ గొట్టం వైపు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు! నేనూ అంతే. వైద్యుడు పెరుగు వద్దన్నాడని ఆమె ఉట్టి మీది ముంత తెచ్చి మా ఇంట్లో పెట్టుకున్న ఘనురాలిని.

ఒక వేసవి సెలవుల్లో అక్క బంగారుపాళ్యంలో చెల్లెలి మామిడితోపుకు వెళ్ళి నెలరోజులుంది. తిరిగొచ్చి జట్కా దిగుతూనే దగ్గు అందుకుంది.

"ఆడ పూటపూటా పెరుగన్నం తిన్నానే. ఒక్కనాడూ ఆయాసం రాలేదు. ఈడ కాలు పెట్టినానో లేదో, సూడు! పథ్యం నాకు కాదే, ఆ మిల్లుకు పెట్టాల!"

మర్నాడే మసి పట్టిన తెల్లచీర చంకన పెట్టుకొని మునిసిపాలిటీ ఆఫీసుకు బయలుదేరింది. నేనూ వెంట వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి బల్ల మీద ఆ చీర పరిచింది.

"మిల్లు మూసేయమనలేదప్పా. గొట్టం ఎత్తు పెంచమంటాండాను."

ఆయన నవ్వాడు. "కరువు కాలంలో ఊరికి బియ్యం కావాల గదమ్మా. నీకు పడకపోతే ఇల్లు మారిపో."

"నేను మారితే, నా ఇంట్లోకి వచ్చేవాళ్ళకు ఊపిరి అక్కరలేదా?"

ఆయన చీర మడిచి తిరిగి ఇచ్చాడు. మా వీధి కోసం ఆయన చేసిన పని అదొక్కటే!

ఆ ఏడు ముసురు రోజుల్లో పొగ పైకి పోలేక వీధిలోనే నిలిచింది. అక్క మంచాన పడింది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకొని, "గుప్పెడు పెరుగన్నం పెట్టవే" అంది. తప్పు పెరుగుది కాదని అప్పటికి నాకు తెలుసు. అయినా పాడు భయం. "తగ్గినాక పెడతానక్కా" అన్నాను. తగ్గలేదు. మూడోనాడు పోయింది. శవం దగ్గరే ఒకావిడ, "దొంగతనంగా పెరుగు తినిందేమో" అంది.

"తినలేదు! అడిగితే నేనే పెట్టలేదు!" అని అరిచాను.

మొన్న ఆ బస్సు దిగేశాను. మిల్లు పక్కింటి తలుపు తట్టి, దగ్గేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను.

"మా అత్త ఉందమ్మా. పెరుగు మాన్పించినాము, అయినా తగ్గలా" అంది ఆ ఇంటి కోడలు.

"ముందు ఆమెకు గుప్పెడు పెరుగన్నం పెట్టమ్మా" అన్నాను. "పెట్టి, దండెం మీద మసి పట్టిన ఆ చీర తీసుకొని నాతో రా."