నర్సింలన్న డెస్క్‌టాప్‌కు రెండంచులు

నిన్న పొద్దున నర్సింలన్న నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

నేను ఎత్తలేదు.

వనపర్తిలో కంప్యూటర్ క్లాస్ చెప్తున్నాను. మళ్లీ ఏదో సెట్టింగ్ పాడు చేసుకుని ఉంటాడులే అనుకున్నాను. రెండోసారి మోగితే విసుక్కుంటూ ఎత్తి, "ఏందన్నా, మళ్ల ఏం తీసేసినవ్?" అన్నాను.

అవతల వాళ్ల పెద్దన్న. "నర్సింలు పోయిండు తమ్మీ. దవాఖానకు తీస్కపోతుంటే దారిల్నే పాణం పోయింది."

క్లాస్‌లో పిల్లలు నన్నే చూస్తున్నారు.

నర్సింలన్న తెలియనివాళ్లకు చెప్తున్నా. గద్వాలలో చీరలు నేసే ఇంటి మనిషి. పద్మ వదినె మగ్గం మీద కూర్చుంటే, ఈయన అంచుల డిజైన్లు గీసేవాడు. వాళ్ల నాయన గ్రాఫ్ కాగితాల మీద గీసిన అంచులు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. వాటికి చెదలు పట్టింది. ఉన్నవన్నీ పోకముందే కంప్యూటర్‌లో ఎక్కించాలని పట్టుబట్టాడు.

కొన్నదేమో సెకండ్ హ్యాండ్ డబ్బా. ఏం వేసినా మూలిగేది. నేనే విండోస్ బదులు ఫ్రీగా వాడుకునే లైనక్స్ సీడీ తీసుకెళ్లి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ పెట్టి ఇచ్చాను.

"ఇందుల నీకు నచ్చినట్టు అన్నీ మార్చుకోవచ్చన్నా" అన్నాను.

ఆ ఒక్క మాట ఎందుకన్నానురా దేవుడా!

వారం తర్వాత వెళ్లి చూస్తే స్క్రీన్ పైన ఒక ప్యానెల్, అంటే బటన్లుండే పట్టీ, కింద ఒక ప్యానెల్. రెండూ లావుగా, రెండూ ఎర్రగా. కుడిపక్కన నిలువుగా ఇంకోటి. మధ్యలో పనిచేసుకోవడానికి అరచేయంత జాగా.

ఏందన్నా ఇది అంటే, "చీరకు రెండంచులుండవా? పక్కకున్నది కొంగు" అన్నాడు. నేనేదో బుద్ధిలేని ప్రశ్న అడిగినట్టు చూశాడు పైగా.

"మరి గీసేదెక్కడ?"

"జర సర్దుకోవాలె తమ్మీ."

ఇక సాఫ్ట్‌వేర్ల గోల. బొమ్మలు గీసేవి నాలుగు, పాటలు పెట్టేవి మూడు, క్యాలెండర్లు రెండు. ఫుకట్‌గా వస్తున్నాయంటే ఒక్కటీ వదల్లేదు. "ఏది మంచిదో నువ్వే చెప్పు" అని ఫోన్ చేసేవాడు. చెప్తే వినేవాడు కాదు. బొమ్మలు గీసేవాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని ఎంచుకున్నాడు. అది తెరుచుకునేలోపు ఒక చాయ్ అయిపోయేది.

తిరిగి తిరిగి, నేను మొదటి రోజు చెప్పిన చిన్నదానికే వచ్చాడు. అందులో గళ్లు కనిపిస్తాయి, గడి మీద నొక్కితే రంగు పడుతుంది, అంతే. "గిది మస్తుంది తమ్మీ, నీకు తెల్వదా?" అని నన్నే అడిగాడు! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఒకసారైతే ఏకంగా ఫైల్ మేనేజర్‌నే తీసేశాడు. ఇక ఫైళ్లు ఎక్కడున్నాయో చూపించే దిక్కులేదు.

ఎందుకు తీసినవన్నా అంటే, "ఊకెనే ర్యామ్ తింటుంది, దాంతోని మనకేం పని?" అన్నాడు.

వనపర్తి నుంచి బస్సెక్కి వచ్చి మళ్లీ వేశాను. ఇంకోసారి ముట్టుకుంటే రానని ఒట్టు కూడా పెట్టుకున్నాను. వదినె చాయ్ ఇస్తూ నవ్వింది. "నా మాటనే వినడు, నీ మాట వింటడా?"

పోయిన వారం మళ్లీ ఫోన్.

"ప్యానెళ్లన్ని తీసెయ్యాలె తమ్మీ. ఒక్కటి గూడ ఉండొద్దు. ఒక్కపారి నొక్కితే తెరుచుకోవాలె, రెండుపార్లు నొక్కుడు వద్దు."

ఇన్నేళ్లు పట్టుకుని వేలాడిన అంచులు, కొంగు ఇప్పుడు వద్దట! నాకు తిక్క లేచింది. ఎట్లా తీయాలో చెప్పాను. చెప్పి, "స్క్రీన్ గూడ తీసెయ్ అన్నా, పీడ పోతది" అని ఫోన్ పెట్టేశాను.

అదే నేను ఆయనతో అన్న ఆఖరి మాట.

నిన్న అంత్యక్రియలు అయ్యాక పెద్దన్న నన్ను పక్కకు పిలిచాడు. "పెట్టెల కాగితాలన్ని పొడి అయిపోయినయి. మా నాయన అంచులు ఇప్పుడు ఆ డబ్బల్నే ఉన్నయి. నడుపుడు ఎవ్వరికి రాదు. నువ్వే జర తీసియ్యి తమ్మీ, లేకుంటే పోయినట్టే."

ఈరోజు పొద్దున వెళ్లి ఆన్ చేశాను.

స్క్రీన్ మొత్తం ఖాళీ. ప్యానెల్ లేదు, మెనూ లేదు, గడియారం లేదు. మధ్యలో ఒకే ఒక్క ఐకాన్. దాని కింద తెలుగులో రాసి ఉంది: పద్మ.

మళ్లీ అన్నీ తీసేశాడు మహానుభావుడు, ఇప్పుడు వెతుక్కుంటూ చావాలి అనుకున్నాను.

లోపలి నుంచి వదినె వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. "జర జరుగు తమ్మీ" అని మౌస్ పట్టుకుంది.

ఒక్కసారి నొక్కింది.

అంచులన్నీ వరసగా వచ్చేశాయి. కోటకొమ్మ, మామిడిపిందె, రుద్రాక్ష. కోటకొమ్మ మీద నొక్కితే గళ్లు స్క్రీన్ నిండా పరుచుకున్నాయి, ఒక్కో గడి మగ్గం మీద నుంచి కూడా కనపడేంత పెద్దగా.

"దీంట్ల నాకు గిదొక్కటే వస్తది. తక్కినయన్ని ఉంటే నేను పరేషాన్ అయితనని తీసేసిండు. నేనున్నా లేకున్నా నీ మగ్గం ఆగొద్దన్నడు" అంది.

నెల నుంచి ఛాతీలో నొప్పి అంటున్నాడట.

నాకు చెప్పలేదు. ప్యానెల్ రంగు గురించి గంట మాట్లాడతావు, నొప్పి గురించి ఒక్క ముక్క చెప్పవా అన్నా? దవాఖానకు పోవాల్సినోడివి కూర్చుని ఐకాన్లు సర్దుతావా? నిన్ను తిట్టాలని ఉంది. తిట్టించుకోవడానికి నువ్వు లేవు.

ఆ స్క్రీన్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

మీ నాయన అంచులన్నీ ఇంకో కాపీ తీసి పెట్టాను. నీ డెస్క్‌టాప్‌లో ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోలేదు.

పోయిన కాడనన్న ఏదీ పీకకుండ, ఏదీ మార్చకుండ, జర నిమ్మళంగ ఉండు నర్సింలన్నా.