తప్పంతా కంప్యూటర్‌దే

ఆఫీసులో ఏ పని చెడినా గోవిందస్వామి దగ్గర ఒకటే జవాబు ఉండేది: "కంప్యూటర్ సార్." చిత్తూరు పొలిమేరల్లో, పుత్తూరు రోడ్డు పక్కనున్న ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎవరి చేతిలో ఏది చెడినా నేరం పోయి కంప్యూటర్ నెత్తిన పడేది. ఉత్తరం దారి తప్పితే కంప్యూటర్. టెలిఫోన్ బిల్లు కట్టడం మరిచిపోతే కంప్యూటర్. ఒకసారి టీ కాచే కుప్పుస్వామి చక్కెరకు బదులు ఉప్పు వేస్తే, గోవిందస్వామి గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించి, "దాని వెలుతురు కొట్టి పాపం కుప్పుస్వామికి కండ్లు మసకేసింటాయి" అని తేల్చేశాడు. కుప్పుస్వామి ఆ కంప్యూటర్ గది గడప ఎన్నడూ తొక్కలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

తమాషా ఏమిటంటే, ఆ కంప్యూటర్‌కు ఇన్‌ఛార్జి ఆయనే. ఆఫీసు మొత్తానికి ఉన్నది అదొక్కటే. ఏ తండ్రయినా తన బిడ్డ తప్పు చేసినా కప్పిపుచ్చుకుంటాడు. ఈయన మాత్రం తన చేతికింది మిషన్ మీద తానే ఊరంతా చాడీలు చెప్పేవాడు.

కోమలి ఆ ఫ్యాక్టరీలో చేరింది 1999 మామిడి సీజన్‌లో. ఊరు కార్వేటినగరం. డిగ్రీ అయ్యాక తిరుపతిలో ఒక కంప్యూటర్ సెంటర్లో కోర్సు చేసింది. సీజన్ అయ్యేదాకా పని చూసి, నచ్చితే పర్మినెంట్ చేస్తామన్నారు. చెల్లెల్ని కాలేజీలో చేర్చడమా, మాన్పించడమా అన్నది ఆ పర్మినెంట్ మీదే ఆధారపడి ఉంది. అందుకని మొదటి రోజు కోమలి ఎంతో భయభక్తులతో చెప్పులు బయట వదిలి, కంప్యూటర్ గదిలో అడుగు పెట్టింది.

"మీ సెంటర్లో దీని గురించి ఏం నేర్పినారమ్మా?" అని అడిగాడు గోవిందస్వామి.

"కంప్యూటర్ ఎప్పుడూ తప్పు చెయ్యదు, తప్పు చేసేది మనిషేనని మొదటి రోజే చెప్పినారు సార్."

గోవిందస్వామి అదిరిపడ్డాడు. లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

"ఈ మాట ఈడ ఇంకెవురితోనైనా అన్నావా?"

"లేదు సార్."

"అనబాకు తల్లీ. శానా ప్రమాదం."

ఆ పూటే ఆమెకు అసలు పాఠం మొదలైంది. కంప్యూటర్‌కు మనుషులకు వచ్చే రోగాలన్నీ వస్తాయట. వాన పడితే జలుబు. గట్టిగా మాట్లాడితే అలక, అదీ కొత్త అల్లుడి అలక. ఇక సీజన్ మొదలైతే వేడి. "పొద్దస్తమానం మామిడిపండ్ల నడమ ఉండాది గదమ్మా! మనిషికే సెగ్గడ్డలు లేస్తాయే, దానికి లెయ్యవా?" అందుకని రోజూ పదకొండింటికి దాని పక్కన గ్లాసెడు మజ్జిగ పెట్టేవాడు. కాసేపయ్యాక దాని వీపు తడిమి చూసి, "సాలు, చలవ చేసింది" అని ఆ మజ్జిగ తానే తాగేసేవాడు.

ఆ ఏడాది కొత్తగా బెంగ కూడా పట్టుకుందన్నాడు. "రెండువేల సంవత్సరం వస్తానే కంప్యూటర్లన్నీ నిల్చిపోతాయని పేపర్లో రోజూ రాస్తా ఉండారు. మన చావు గురించి రోజూ పేపర్లో వేస్తా ఉంటే, మనం పని మీద మనసు పెట్టగలమా? నువ్వే చెప్పు."

కోమలి నోరు తెరుచుకుని వింది.

ఆ కంప్యూటర్ చేసిన ఘనకార్యాలు ఆఫీసులో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. డిస్పాచ్ గుమస్తా ఏకాంబరం దగ్గరే ఒకటి జరిగింది. ఆయన పాతకాలం మనిషి, జీవితమంతా టైప్‌మిషన్ మీద గడిపాడు. దాన్ని తీసేసి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఒకరోజు రెండు ఉత్తరాలు అటూ ఇటూ అయ్యాయి. చెన్నై రేవులో ఉండే ఏజెంటుకు "మీ తోటలో వెంటనే మందు కొట్టవలెను" అని పోయింది. పలమనేరు దగ్గర ఒక రైతుకు "మీ సరుకు ఓడ ఎక్కినది" అని పోయింది. ఆ రైతు మర్నాడే బస్సెక్కి వచ్చి, "నా ఓడ యాడికి పోయింది సామీ? నేనింకా కాయలే కొయ్యలేదే!" అని గేటు దగ్గర కూర్చున్నాడు. గోవిందస్వామి ఆయనకు టీ ఇప్పించి, "కంప్యూటర్‌కు వేడి చేసిందప్పా, ఊర్లు మరిచిపోయింది" అని నచ్చజెప్పి పంపాడు. వేడి సంగతి తెలిసిన మనిషే కాబట్టి ఆ రైతు కూడా నమ్మాడు.

ఇంకోసారి అకౌంట్స్ చూసే సంతోషమ్మ హాజరు పట్టీ తీస్తే, బాయిలర్ సెక్షన్‌లోని మీసాల మగాళ్ళందరికీ ప్రసూతి సెలవు అని అచ్చయి వచ్చింది. బాయిలర్ మేస్త్రీ అది పట్టుకుని సిగ్గుతో చచ్చిపోయాడు. గోవిందస్వామి దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "జలుబు" అన్నాడు.

అన్నిటికన్నా గొప్పది పంచాంగం కథ. ఓనరు చక్రధర్ కొత్త బాయిలర్ తెప్పించి, ప్రారంభోత్సవానికి కార్డులు అచ్చు వేయించాడు. ఊరంతా పంచాక చూస్తే ముహూర్తం ఆషాఢ అమావాస్య! ఆయన తండ్రి పెద్దాయన చేతికర్ర పట్టుకుని కంప్యూటర్ గదికి వచ్చాడు.

"యాడుండాడు వాడు, ఈ తేదీ పెట్టినోడు?"

"ఇదే పెద్దాయనా" అని కంప్యూటర్‌ను చూపించాడు గోవిందస్వామి. "దానికి ఇంగ్లీషు నెలలు తప్ప మన నెలలు తెలీదు. అమావాస్య అంటే ఏమో ఎవురూ నేర్పలేదు దానికి."

పెద్దాయన కర్ర దించాడు. "పాపం, పెంపకం అట్లాంటిది" అన్నాడు. మర్నాడు పసుపూ కుంకుమా పెట్టిన కొత్త పంచాంగం ఒకటి కంప్యూటర్‌కని పంపించాడు. అది అప్పటినుంచి దాని నెత్తి మీదే ఉంది. ఆనాటి నుంచి చక్రధర్ కూడా ఆ గదిలోకి వస్తే చెప్పులు విడిచి వచ్చేవాడు. దాని ముందర గొంతు తగ్గించి మాట్లాడేవాడు.

కోమలికి మాత్రం ఒక సందేహం పట్టుకుంది. తను చేరినప్పటినుంచి ఆ మిషన్ ఒక్క పూట మొరాయించలేదు. గోవిందస్వామి రోజూ అందరికంటే ముందే వచ్చి, మెత్తటి పాత పంచె ముక్కతో దాన్ని తుడిచేవాడు. వారానికొకసారి మూత విప్పి, దుమ్ము ఊది, వైర్లన్నీ నొక్కి చూసేవాడు. పసిబిడ్డకు తలంటినంత ఓపిగ్గా చేసేవాడు. దాని గురించి ఇంత తెలిసిన మనిషి దాని మీద ఇన్ని అబద్ధాలు ఎందుకు చెబుతున్నాడో ఆమెకు అంతు చిక్కలేదు. పైగా ఒక్కదానికీ మొహంలో నవ్వు కనబడనిచ్చేవాడు కాదు. అంత నిబ్బరంగా అబద్ధమాడే మనిషిని కోమలి తన జన్మలో చూడలేదు.

ఆ సందేహం జులై నెలలో ఒక మధ్యాహ్నం తీరింది.

ఆ పొద్దు ఎగుమతి డ్రమ్ములు లారీకి ఎక్కుతున్నాయి. సాయంత్రంలోగా లారీ చెన్నై రేవుకు బయల్దేరాలి. డ్రమ్ముల మీద అంటించే లేబుళ్ళు కొట్టింది కోమలే. ముందురోజు ఖరీదైన అల్ఫాన్సో గుజ్జు, ఆ రోజు చవకరకం తోతాపురి. పని తొందరగా అవుతుందని ఆమె నిన్నటి ఫైలే తెరిచి, తేదీ మార్చింది, లాటు నెంబరు మార్చింది. కాయ పేరు మార్చడం మరిచిపోయింది. తోతాపురి డ్రమ్ములన్నీ అల్ఫాన్సో అని చెప్పుకుంటూ లారీ ఎక్కుతుంటే, ఎవరో చూసి కేక వేశారు.

కేక వినబడగానే కోమలి స్క్రీన్ వైపు చూసింది. గోవిందస్వామి స్క్రీన్ చూశాడు, ఆమె మొహం చూశాడు. లారీ హడావుడిలో ఇంకా తాగని మజ్జిగ గ్లాసును కాస్త పక్కకు జరిపాడు.

చక్రధర్ చేతిలో లేబులు పట్టుకుని లోపలికి వచ్చాడు. చెప్పులు విడవలేదు.

"ఇది ఎవురి పని?"

"కంప్యూటర్ సార్" అన్నాడు గోవిందస్వామి. "రెండువేల బెంగ..."

"సాలించు గోవిందస్వామీ!" చక్రధర్ గొంతు షెడ్డు దాకా వినబడింది. "ఈ సరుకు ఇట్లనే పోయింటే కొనేవాడు మనల్ని దొంగలనేవాడు. మా నాయన కట్టిన ఫ్యాక్టరీ ఇది. ఇన్ని తప్పులు చేసే మిషన్ నాకొద్దు. దాన్ని సరిగ్గా పెట్టుకోలేని ఇన్‌ఛార్జీ నాకొద్దు. సీజన్ అయినాక మీరిద్దరూ ఇంటికి పోండి."

ఇద్దరంటే తనూ గోవిందస్వామీ అనుకుంది కోమలి. కాదు, గోవిందస్వామీ, కంప్యూటరూ. తను ఆ లెక్కలోనే లేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు, ఉద్యోగం తనకే ఉంటుంది.

"అట్లనే సార్. ముందు లేబుళ్ళు మళ్ళీ కొట్టిస్తాను" అన్నాడు గోవిందస్వామి, ఎవరో టీ తెమ్మన్నంత మామూలుగా.

ఆ మామూలు గొంతు కోమలికి భరించరానిదయింది. "సార్, తప్పు నాది" అంది. "నిన్నటి ఫైల్లో కాయ పేరు మార్చలేదు సార్. దీంతో కంప్యూటర్‌కూ, ఆయనకూ సంబంధం లేదు."

"నువ్వు ఊరుకోమ్మా!" అని కసిరాడు గోవిందస్వామి. "సార్, ఆ పిల్లకేం తెలుసు? కంప్యూటరే అలిగింది..."

అరుపులు విని తలుపు దగ్గరికి వచ్చిన ఏకాంబరం చక్రధర్ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "అబ్బాయా, ఆ ఓడ సంగతి... అది కంప్యూటర్ కాదు. కవర్లు మార్చి పెట్టింది నేనే. ఉండేవి కొన్ని నెలలు, మర్యాదగా రిటైరు కానీలే అని గోవిందస్వామి దాని మీదికి తోసినాడు."

వెనకనుంచి సంతోషమ్మ ముందుకు వచ్చింది. "ప్రసూతి సెలవులు ఇచ్చింది నేను సార్. ప్రభువు చూస్తా ఉండాడు. ఇన్నాళ్ళూ నోరు కట్టుకోనుండాను."

"ఉప్పు..." అన్నాడు గడప అవతలనుంచి కుప్పుస్వామి.

అప్పుడొక విచిత్రం జరిగింది. వాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళూ ప్రతి ఒక్కరూ తన తప్పొక్కటే మనిషి తప్పనీ, మిగతావన్నీ నిజంగా కంప్యూటరే చేసిందనీ నమ్ముతూ వచ్చారు. దానికి భయపడ్డారు, పక్కగా నడిచారు, వెనక తిట్టుకున్నారు. తీరా చూస్తే అది పాపం ఎవరి జోలికీ పోలేదు.

చక్రధర్ తల పట్టుకున్నాడు. "అయితే ఇది ఒక్క తప్పన్నా చేసిందా, లేదా?"

"ఒకటి ఉండాది సార్" అన్నాడు గోవిందస్వామి. ఆయన చూపు ఒక్క క్షణం పంచాంగం మీదికి పోయింది, చప్పున వెనక్కి వచ్చేసింది.

చక్రధర్ కూడా పంచాంగం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ప్రారంభోత్సవానికి ఆ ఆదివారమైతే తనకు వీలవుతుందని, పంచాంగం తిరగేయకుండా ఫోన్లో ఆ తేదీ చెప్పింది ఎవరో ఆయనకు మెల్లగా గుర్తుకొచ్చింది. తండ్రి ముందు తనను కాపాడిన ఆ అబద్ధాన్ని అందరికీ చెప్పీ చెప్పీ, చివరికి తానే నిజమని నమ్మేశాడు.

గడప దాకా వెళ్ళి, చెప్పులు విడిచి, మళ్ళీ లోపలికి వచ్చాడు.

"ఎందుకప్పా ఇట్ల?" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

"మనిషిని నలుగురిలో తిడితే వాడు ఇంటికి పోయి అన్నం తినడు సార్. మర్నాడు చెయ్యి వణికి ఇంకో తప్పు చేస్తాడు. దీన్ని ఎంతైనా తిట్టండి, పొద్దున స్విచ్చి వేస్తే చల్లగా లేస్తాది. లెక్కలు చేసే మిషన్లు ఎన్నో ఉండాయి. తిట్లు తినే మిషన్ ఇదొక్కటే వచ్చింది మనకు." అంతలో ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "మీరంతా కలిసి ఇప్పుడు దాన్ని మంచిదని తేల్చేసినారు. ఇంక రేపటినుంచి దాని మీద చెప్తే ఎవురు నమ్ముతారు? ఇన్నేండ్లు కష్టపడి దానికి చెడ్డపేరు తెచ్చినాను!"

ఇంతమందిని తన రెక్కల కింద దాచి, ఒకరి సంగతి ఇంకొకరికి పొక్కనీయకుండా నడుపుకొచ్చిన ఆ బట్టతల మనిషిని కోమలి కళ్ళార్పకుండా చూసింది. కొండకు నమస్కారం పెట్టినట్టు పెట్టాలనిపించింది. పెడితే మళ్ళీ కసురుతాడని ఊరుకుంది.

"కోమలమ్మా, సీజన్ అయినాక పర్మినెంట్ ఆర్డరు తీసుకో" అన్నాడు చక్రధర్. "ఈ ఆఫీసులో మొదటే నిజం చెప్పే మనిషి ఒకరన్నా ఉండాల గదా. ఇంక పదండి, లారీ పోవాల."

ఆఫీసంతా షెడ్డులో పడి తడిగుడ్డలతో పాత లేబుళ్ళు ఊడదీసింది. చక్రధర్ కూడా చొక్కా చేతులు పైకి మడిచి గీకాడు. కోమలి కాయ పేరు మార్చి, గట్టిగా చదివి, గోవిందస్వామి చేత కూడా చదివించి, ప్రింటు కొట్టింది. ప్రింటర్ కీచుమంటూ సగం లేబుళ్ళు కొట్టింది. అంతలో ఆగిపోయింది. స్క్రీన్ బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

గోవిందస్వామి మొహం దీపావళి అయింది. గది బయటికి పరుగెత్తి, "సార్! సార్! నిల్చిపోయింది! ఈసారి నిజంగా అదే సార్! తిరుమల కొండ సాక్షిగా కంప్యూటరే!" అని కేక పెట్టాడు.

తడిగుడ్డలతో అందరూ పరుగెత్తుకొచ్చారు.

"నేనే ఏదో తాకింటాను" అన్నాడు ఏకాంబరం.

"కాదు, నా కొంగు వైరుకు తగిలినట్టుండాది" అంది సంతోషమ్మ.

"మజ్జిగలో ఉప్పు ఎక్కువైందేమో" అన్నాడు గడప అవతలనుంచి కుప్పుస్వామి.

"లేదు సార్, నేనే తొందరపడి రెండుసార్లు నొక్కినాను" అంది కోమలి.

"మీరెవురూ కాదు" అన్నాడు చక్రధర్. "ఇందాక చెప్పులతో వచ్చింది నేను. దానికి కోపం రాదా?"

గోవిందస్వామి అందరి మొహాలూ చూశాడు. స్విచ్చి ఆపి మళ్ళీ వేశాడు. అది చల్లగా లేచింది. మిగతా లేబుళ్ళు కొట్టింది. పొద్దు వాలకముందే లారీ గేటు దాటింది.

ఆ రోజు మజ్జిగ మాత్రం ఆయన తాగలేదు. దానికే వదిలేశాడు.