పాండురంగన్ మామ: ఒక తిరుక్కై, ఒక కప్ప

మా పాండురంగన్ మామకు ఒకటే పిచ్చి. ఎవరు ఏ రెండింటిని పోల్చినా, మధ్యలో దూరి తిరుక్కై చేపనూ కప్పనూ పోల్చేవాడు. తిరుక్కై అంటే చాటలా పలచగా, పొడుగు తోకతో ఉండే సముద్రపు చేప. తూత్తుకుడిలో ఒకసారి చూశాడట. కప్పేమో వానలకు పసుప్పచ్చగా మారే మా పెరటి పెద్ద కప్ప.

ఒక పెళ్లి పంక్తిలో సాంబారు బాగుందా, రసం బాగుందా అని ఎవరో అడిగారు.

"తిరుక్కైకి కండ్లు పైన, నోరు కింద. తినేది ఏందో దానికే తెలీదు," అన్నాడు మామ.

"కప్పకు?"

"మింగేటప్పుడు కండ్లు మూసుకుంటుంది. దానికీ తెలీదు."

అడిగినాయన అప్పడం వదిలేసి లేచిపోయాడు.

మామకు ఒకేసారి రెండు సంబంధాలు వచ్చాయి. ఏ పిల్ల నచ్చిందని అడిగితే, "ఒకటి పిల్లల్ని కంటుంది, ఇంకోటి గుడ్లు పెడుతుంది," అన్నాడు. ఆ రెండిళ్లవాళ్లూ మళ్లీ మా గడప తొక్కలేదు.

నా ప్లస్ టూ రిజల్టు వచ్చిన రోజు నాన్న మండిపడ్డారు.

"నివేదిత మార్కు చూడు, ఈ శరణ్య మార్కు చూడు! అక్కను చదివించినాము, సరి. దీనికి కాలేజీ ఎందుకు?"

నేను తలుపు వెనక ఏడుస్తున్నాను. మామ లోపలికి వచ్చాడు.

"బావా, తిరుక్కై గొప్పదా, కప్ప గొప్పదా?"

"కప్పే అనుకో. పో!"

"సముద్రంలో వేస్తే చచ్చిపోతుందే?"

"అయితే తిరుక్కై!"

"మన పెరట్లో వేస్తే?"

సాయంత్రం దాకా వదల్లేదు. చివరికి నాన్న, "అప్లికేషన్ తీసుకురాప్పా, సంతకం పెడతా. నన్ను వదులు!" అన్నారు.

మర్నాడు మామకు ఇడ్లీలు తీసుకుని, ఆయన పనిచేసే బ్యాండేజీ గుడ్డ మిల్లుకు వెళ్లాను. రెండు గుడ్డ చుట్టలు పక్కపక్కన పెట్టి చూసి, ఒకదాన్ని పక్కకు తోసేస్తున్నాడు.

"ముప్పై ఏండ్లుగా ఇదే పని పాపా. రెండు చూసి ఒకటి వేస్టు అనాల. గుడ్డ కాబట్టి సరి. ఇంట్లో పిల్లల్ని కూడా ఇట్లనే చూస్తే ఎట్ల?"

"నిజంగా ఏది గొప్ప మామా?"

మామ ఇడ్లీ నోట్లో పెట్టుకుని గట్టిగా కళ్లు మూసుకున్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

మామ ఇప్పుడు రిటైరయ్యాడు. నేను సేత్తూరులో టీచరును. ఆ ఇడ్లీల రోజు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. మొన్న కరుప్పాయి అనే తల్లి కొడుకును లాక్కుని వచ్చింది.

"వీడు అన్న మాదిరి చదవడు టీచర్. బడి మానిపించేదా?"

"తిరుక్కైకి కళ్లు పైన, నోరు కింద..." అని మొదలుపెట్టాను.

కరుప్పాయి గబుక్కున కొడుకు చెయ్యి వదిలేసింది.

"అయ్యో, మీరు మిల్లు పాండురంగన్ మేనకోడలా? వద్దు టీచర్, చాలు! వీడు చదువుకోనీ!"