పట్టాలు రాకముందే కట్టిన ఇంజిన్ల షెడ్డు

మొన్న మా ఆవిడను హైదరాబాద్ పంపడానికి సిద్దిపేట స్టేషన్‌కు పోయాను. బెంచీ మీద నా పక్కన కూర్చున్న పెద్దమనిషి రైలు వైపు చూస్తూ, "ఇంజిన్లు బాగుచేసే షెడ్డు గూడ గీడ్నే పెడితే మంచిగుండు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా ఊరికి పట్టాలు రాకముందే ఆ షెడ్డు వచ్చింది. మా చిన్న మేనమామ ఇంటి ముందు గదిలో, ప్లైవుడ్ బల్ల మీద. ఊళ్లో జరిగే చిన్నాపెద్దా సంగతులన్నీ పత్రికకు రాసి పంపినవాణ్ణి, ఇది మాత్రం రాయలేదు. సొంత మేనమామను వార్త చేస్తే డెస్కులో వాళ్లు ఊరుకోరు.

మామ బస్సు డిపోలో గ్యారేజీ మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. ఆ ఏడాదే నగరంలో ఒక దుకాణం అద్దం వెనుక తిరుగుతున్న బొమ్మ రైలును చూసి అక్కడే నిలబడిపోయాడట. కొన్న డబ్బాను గజ్వేల్ దాటి ఇల్లు చేరేదాకా ఒళ్లోంచి దించలేదట. ఒక రైలు రెండైంది. రెండో ఇంజిన్ వచ్చాక, ఇన్ని బండ్లున్న చోట గ్యారేజీ లేకపోతే ఎట్లా అన్నాడు. అప్పటికే బల్ల గదిలో మూడొంతులు ఆక్రమించింది. అత్తమ్మ కుట్టుమిషన్ వరండాలోకి పోయింది. ఎండాకాలం ఎండ, వానాకాలం జల్లు. కుట్టిన జాకెట్ల మీద చినుకులు పడకుండా ఆమె ఒక చేత్తో గోనెపట్టా పట్టుకుని ఇంకో చేత్తో గుడ్డ జరుపుతుండేది.

"షెడ్డో గిడ్డో కట్టుకో. పండుగ నాడు నీ డిపోవాళ్లు భోజనానికొస్తున్రు గద, వాళ్ల ముందర నడిపి చూపియ్యి. ఇంజిన్ తనంతట తాను లోపటికి పోయి, తనంతట తాను బయటికి రావాలె. నువ్వు చెయ్యి పెట్టినవా, బల్ల అటుక మీదికి, మిషన్ గదిలకు" అన్నది అత్తమ్మ. మామ మీసం దువ్వి సరేనన్నాడు.

విలేకరిగా కాజీపేట షెడ్డు చూసివచ్చినవాణ్ణని నన్ను పిలిచాడు. సున్నపు ముక్కతో బల్ల మీద గీత గీశాడు. మొదట డీజిల్ పోసే చోటు, తర్వాత కడిగే చోటు, చివర గోడ దగ్గర కిందినుంచి మనిషి దూరి చూసే గుంత. అన్నీ ఒకే పట్టా మీద, వరుసగా. అచ్చం డిపోలో లాగే. ఇంజిన్లకు ఇసుక కూడా పోస్తారని, తడి పట్టా మీద చక్రం జారకుండా అది పనికొస్తుందని చెప్పాను.

"ఇసుకెందుకు అల్లుడా, ఇల్లు కడుతున్నమా?" అన్నాడు. మర్నాటికల్లా అత్తమ్మ చాయ్ వడపోసే జాలితో ఇసుక జల్లెడ పట్టేశాడు. ఆ జాలి కోసం ఇంట్లో జరిగిన రగడ గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసమవుతుంది. సెలైన్ గొట్టం డీజిల్ పైపైంది, జిందాతిలిస్మాత్ మందు సీసా ట్యాంకైంది.

నాకు మాత్రం ఒక అనుమానం. "మామా, ముంగటి ఇంజిన్ గుంత కాడ ఆగిపోతే, ఎనకది ఎట్ల పోతది?"

"పక్కకెళ్లి తప్పించుకొని పోతది."

"బస్సు గాదు మామా. పట్టా మీదుంటది."

మామ చేతిలోని సున్నపు ముక్క ఆగింది. నలభై ఏళ్లకు దగ్గరగా స్టీరింగు తిప్పే బండ్లతో బతికిన మనిషి. పక్కకు తిరగలేని బండి ఒకటి ఉంటుందని ఆయన చేతులకు ఇంకా తెలియలేదు. కానీ ఒప్పుకునే రకం కాదు. "నా గ్యారేజీల ఏదీ ఆగది" అని గీత మీద ఇంకో గీత గట్టిగా గీశాడు.

పండుగ నాడు డ్రైవర్లు, మెకానిక్కులు భోంచేసి, వక్కపొడి నములుతూ బల్ల చుట్టూ చేరారు. అత్తమ్మ గుమ్మంలో నిలబడింది. మొదటి ఇంజిన్ డీజిల్ దగ్గర ఆగింది, కడిగే చోటు దాటింది. వచ్చినవాళ్లకు గొప్పగా కనబడాలని మామ పట్టా మీద ఇసుకను దోసెడు పోసి ఉంచాడు. అది పళ్ల చక్రాల్లో పడ్డట్టుంది, ఇంజిన్ గుంత మీదికి పోయి ఆగిపోయింది. రెండోది దాని వెనకే వచ్చి నిలబడింది. ముందు గోడ, వెనక ఇంజిన్.

"ఏం మేస్త్రీ, బ్రేక్‌డౌనా? ప్యాసింజర్లను దింపాల్నా?" అన్నాడొక డ్రైవర్.

అందరూ నవ్వారు. మామ చెయ్యి ఇంజిన్ మీదికి పోయి గాలిలో ఆగింది. ముట్టుకుంటే గది పోతుంది. ముట్టుకోకపోతే పరువు పోతుంది. అత్తమ్మ మొగుడి ముఖం చూసింది, నవ్వుతున్నవాళ్లను చూసింది.

"ఏందయ్యా గట్ల జూస్తవ్? మీ డిపోల ఆగిన బస్సును చేతులతోని ఎత్తుకొచ్చెటోళ్లా? ఇంకో బండితోని గుంజుకొచ్చెటోళ్లు గద!"

ఆ మాట మామకు తట్టక కాదు. తన గ్యారేజీ బండిని ఇంకో బండి గుంజుకొస్తుంటే గేటు దగ్గర తలొంచుకుని నిలబడ్డ రోజులున్నాయి ఆయనకు. చెయ్యి వెనక్కి తీసి, బల్ల అంచున ఉన్న మీట నొక్కాడు. వెనకది ముందుకు జరిగి కొక్కెం తగిలించుకుంది. మీట తిప్పగానే చెడిపోయినదాన్ని ఈడ్చుకుంటూ వెనక్కి, డీజిల్ ట్యాంకు దాటి, బయటికి వచ్చేసింది. డిపోవాళ్లు ఈలలు వేశారు.

"చెయ్యి పెట్టలే. మాట మాటే" అని అత్తమ్మ వంటింట్లోకి పోయింది.

మర్నాడు మామ బల్ల అంచును తానే రంపంతో కోసి, కిటికీ దగ్గర మిషన్‌కు జాగ చేశాడు. చిన్నదైన బల్ల మీదే, ఆగిన ఇంజిన్‌ను తప్పించుకుని పోయేందుకు రెండో పట్టా ఎట్లా ఇరికించాలో ఇప్పటికీ గీసి తుడుస్తూనే ఉన్నాడు. ఆ పక్కన మిషన్ చప్పుడు. రిటైరైన నాడు మెడలో దండతో ఇంటికొచ్చి, ఇక పొద్దు పోయేదెట్లా అని దిగులుపడ్డ మనిషి, ఇప్పుడు నేను పోయినప్పుడల్లా గడియారం వైపు చూసి, గింత జల్దీ ఎందుకు పోతుందని దాన్నే తిడుతుంటాడు.