అత్తగారు జవాబిచ్చిన నలభై ప్రశ్నలు

తొంభైలలో మా సైకాలజీ ప్రొఫెసర్‌గారి దృష్టిలో అంకె వేయని దుఃఖం దుఃఖమే కాదు. ఆయన గదిలో పేరుకున్న ప్రశ్నావళుల బరువుకి క్యాంపస్‌లో మా భవనం ఏటా అంగుళం చొప్పున తార్నాక వైపు ఒరిగేది. వాటిలో మహారాజు, దిగులును కొలిచే నలభై ప్రశ్నల కాగితం. ఇరవై మార్కులు దాటితేనే మనిషికి దిగులున్నట్టు. అప్పుడే గురువారాలు తార్నాకలో మేం నడిపే ఉచిత క్లినిక్‌కి చీటీ. పందొమ్మిది వచ్చినవాళ్లు పరమానందంలో ఉన్నట్టే.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న నేను ఆ కాగితాలతో మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగేదాన్ని. ఒక ఇంట్లో బాలింత. ఒళ్లో మూడు నెలల పిల్ల ఏడుస్తుంటే ఆమె గోడను చూస్తోంది. ఈమెకి చీటీ దొరకాల్సిందే అనుకుని మొదలుపెట్టాను.

"రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?"

"పండిందంటే లేవది!" అంది పక్కనున్న అత్తగారు.

"ఏడుపు వస్తుంటుందా?"

"దానికేం బాధ బిడ్డా, నేనుండంగ?"

నలభైకి నలభై జవాబులూ అత్తగారివే. మొత్తం మూడు మార్కులు. అవి కూడా ఆవిడ దగ్గుతున్నప్పుడు నేను దొంగతనంగా వేసినవి.

"మూడా! అమ్మాయ్, ఈవిడ నాకంటే ఆరోగ్యంగా ఉందే!" అన్నారు సాయంత్రం ఆ కాగితం చూసిన ప్రొఫెసర్‌గారు.

"కోడలు నోరే విప్పలేదు సార్. అది అత్తగారి స్కోరు."

ఆయన కళ్లజోడు తీసేశారు. ఆయన చదివిన వెయ్యిన్నొక్క గ్రంథాల్లో అత్తగారి మీద ఒక్క పేజీ కూడా లేదు పాపం.

మర్నాడు ఆయనే నాతో వచ్చి వరండాలో అత్తగారికి దణ్ణం పెట్టారు. "ముందు పెద్దవాళ్లవి రాసుకోవాలండీ."

"నన్నా సారూ? ఇన్నేండ్లల్ల నన్ను గిట్ల అడిగినోడే లేడు!"

నిద్ర గురించి అడిగితే ఆవిడ తన పెళ్లినాటి నుంచి అందుకుంది. నేను వంటింట్లో ఉన్న కోడలి దగ్గరికి జారుకున్నాను. రెండో ప్రశ్నకే కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లను ముట్టబుద్ధి అయితలేదక్కా. ఎవ్వలకు చెప్పకు."

ముప్పై ఒకటి వచ్చింది. చీటీ రాసి పట్టుకుని బయటికొచ్చేసరికి సార్ ఇంకా నాలుగో ప్రశ్నలోనే చెమటలు కక్కుతున్నారు.

"గా చీటీ ఏంది సారూ?"

"బాలింతలందరినీ డాక్టరుకి చూపించాలండీ, రూలు." ఆ రూలు ఆయన అప్పుడే పుట్టించారు.

గురువారం అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. డాక్టరమ్మ పిలవగానే ముందు లేచింది అత్తగారే.

ప్రొఫెసర్‌గారు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. "మీరిటు రండి అమ్మగారూ. మనకింకా ముప్పై ఆరు ప్రశ్నలున్నాయి."

కోడలు ఒక్కతే లోపలికి వెళ్లింది.